గడువు దాటిన ఓటు

ఆదివారం పత్రికలో మూడో పేజీ అడుగున, సంతాప ప్రకటనలకి సరిగ్గా పైన ఒక శీర్షిక వస్తుంది. దాని పేరు 'మరో విచారణ'. రాసేది డెబ్బై నాలుగేళ్ళ సినిమా సమీక్షకుడు. ఒకప్పుడు ఆయన రాతలు మొదటి పేజీలో ఉండేవి. అక్కడినుంచి లోపలికి జరుగుతూ జరుగుతూ, ఇంకొక్క అడుగు వేస్తే సంతాప ప్రకటనల్లోకే పోయే చోటికి వచ్చి ఆగాడు. ఈ మాట గిట్టనివాళ్ళు అన్నది కాదు, ఆయనే అందరికన్నా ముందు అనేసి నవ్వేవాడు. ఎదుటివాడి నోట రాకముందే తన నోటితో అనేసుకుంటే దెబ్బ తగలదని ఆయనకో గట్టి నమ్మకం. ఈ కథ చెబుతున్నవాడికి ఆయన సంగతులు ఇంత బాగా ఎలా తెలుసంటారా, ఇద్దరం ఒకే అద్దంలో గడ్డం గీసుకుంటాం. అంతకుమించి అడక్కండి.

చలనచిత్ర సంఘం బహుమతులివ్వడం మొదలుపెట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ తొలి సంవత్సరాల బహుమతులని తిరగతోడి, పోటీలో ఎవరెవరున్నారు, ఎవరికి న్యాయంగా వచ్చింది, ఎవరికి అన్యాయం జరిగింది అని తేల్చి చెప్పడం ఆ శీర్షిక పని. చివర్లో నాలుగు గీతల మధ్య ఒక పెట్టె కట్టి, అందులో 'నా ఓటు:' అని రాసి ఒక పేరు వేస్తాడు. పాఠకులు ముందు ఆ పెట్టె చదువుతారు. ఓపికుంటే పైకి వెళతారు. చాలామందికి ఉండదు, ఎందుకంటే ఆయన వాక్యం మొదలైన చోటు, ముగిసిన చోటు ఒకే పేజీలో ఉండాలన్న నియమమేదీ ఆయన పెట్టుకోలేదు. పత్రిక ఆఫీసులో చోటు చాలక ప్రతి వారం అడుగునుంచి కోసిపారేస్తున్నారని తెలిశాక, కనీసం ఓటైనా బతుకుతుందని దాన్ని పెట్టెలో పెట్టి కాపాడుకున్నాడు.

మొదటి సంవత్సరం న్యాయనిర్ణేతల సంఘంలో ఆయన లేడు. అందుకని వాళ్ళని నాలుగు వారాలపాటు ఉతికి ఆరేశాడు. ఉత్తమ నటుడి బహుమతి ఆ సినిమాలో గుర్రానికి ఇచ్చి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదని రాశాడు. అయిదుగురు కూర్చున్నారు, పది కళ్ళున్నాయి, అందులో ఒక్కటైనా తెరుచుకుని ఉందా అని నిలదీశాడు. మెచ్చుకుంటూ పదకొండు ఉత్తరాలొచ్చాయి. ఆయన వాటిని గొంతు సవరించుకుని భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ వంటింటి అరల్లో పరచడానికి పాత పేపర్లు కత్తిరిస్తూ వింది. విని, అందులో రెండు ఉత్తరాలు మీ బావగారివే కదా అని మాత్రం అంది.

ఆవిడ కత్తెర సంగతి చెప్పాలి. స్కేలు లేకుండా, గీత గీయకుండా, అర ఎంత ఉంటే పేపరు అంతే తెగుతుంది. ఒకప్పుడు ఆవిడ సినిమా ఎడిటరు. స్టూడియోలో అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. ఆయన శీర్షికలన్నీ ఏదో ఒక రోజు ఆ అరల్లోకే చేరేవి. డబ్బా తీసినప్పుడల్లా కింద ఆయన ఫొటో కనిపించేది, మొహం మీద గుండ్రంగా డబ్బా అచ్చుతో. తన రచనలు ఇంటింటా వంటింట్లోకి చేరాయని ఆయన గొప్పలు చెప్పుకునేవాడు.

సోమవారం పొద్దున పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసింది. ఆయన మనవరాలి ఈడుది, ఉత్సాహం మనిషి. ఈ ఆదివారం రెండో ఏటి బహుమతులే కదా, ఆ ఏడు కమిటీలో మీరే ఉన్నారట కదా సార్, ఇంకేం, లోపలి సంగతులన్నీ రాసెయ్యండి అంది. రాతప్రతి శుక్రవారం మధ్యాహ్నానికి కావాలంది. అక్కడితో ఆగినా బాగుండేది. సంఘం వాళ్ళ పాత ట్రంకుపెట్టెలో ఆ ఏటి ఓటు చీటీలు దొరికాయని, ఎవరి దస్తూరితో వాళ్ళు రాసి సంతకం పెట్టినవని, వాటిని అద్దాల కింద పెట్టి ఆదివారం ప్రదర్శన తెరుస్తున్నారని చెప్పింది. ఎడిటింగ్ బహుమతికి పోటీపడ్డ మొదటి మహిళ కాబట్టి ముఖ్య అతిథిగా మేడమ్ గారినే పిలుస్తున్నారు, మీకు సర్‌ప్రైజ్ అని కూడా అంది. సమీక్షకుడి గుండెల్లో రాయి పడింది. చాలా సంతోషం అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ రాయి ఎంత బరువుదో తెలియాలంటే నలభై ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడాయనకి ఇరవై ఆరేళ్ళు. నాలుగు సమీక్షలు రాసి, సినిమా అనే కళని తనే కాచుకుంటున్నానని నమ్మే రోజులు. న్యాయనిర్ణేతలు అయిదుగురు. అధ్యక్షుడు రిటైరైన జడ్జిగారు. ఆయనకి సినిమాలు తెలియవు, నియమాలు తెలుసు. మిగతావాళ్ళు ఒక సంగీతం మాస్టారు, ఒక కాలేజీ లెక్చరరు, ఒక సినిమా హాలు యజమాని, మనవాడు. స్టూడియోలో ఫిల్ము కడిగే ల్యాబు పైగదిలో కూర్చుని చీటీ రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. జడ్జిగారు గంట కొట్టేలోపు పడాలి. ఉత్తమ సంగీతం దగ్గర హాలు యజమాని బాత్రూముకి వెళ్ళి, చీటీ పట్టుకుని పరుగున వచ్చేసరికి గంట మోగిపోయింది. గడువు దాటిన ఓటు చెల్లదు అని జడ్జిగారు ఆ చీటీని నాలుగు ముక్కలు చేశారు. ఈ ముచ్చట సమీక్షకుడు తర్వాత ఎన్ని వందలసార్లు చెప్పాడంటే, భోజనానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఆ ఇంట్లో ఇప్పటికీ అదే తీర్పు.

ఉత్తమ ఎడిటరు బహుమతికి ముగ్గురు పోటీ. కత్తెరమ్మ ఎడిట్ చేసింది ఒక రైల్వే గార్డు కథ. గార్డుకి తమ్ముడు పోయిన కబురు అందే ఘట్టం ఉంది. హీరో ఆ కబురు విని ఒక రీలంతా ఏడ్చాడట, అంత ఏడుపు తానెప్పుడూ ఏడవలేదని ఊరంతా చెప్పుకున్నాడట. కత్తెరమ్మ ఆ ఏడుపు మొత్తం కోసి అవతల పెట్టింది. ఆవిడ ఉంచినది చేతి లాంతరు ఒక్కటే. గార్డు చెయ్యి దాన్ని నేలమీద పెడుతుంది, నాలుగు సెకన్లు అలాగే ఉంటుంది, అంతే. హీరో ఆవిడ మీద కత్తులు నూరాడు. చూసిన అయిదుగురు న్యాయనిర్ణేతలూ కళ్ళు తుడుచుకున్నారు. హాలు యజమానికైతే రెండు జేబురుమాళ్ళు తడిశాయి.

రెండోది పెద్దాయన సినిమా. స్టూడియోలో అందరికన్నా ముసలి ఎడిటరు, కళ్ళజోడుకి దారం కట్టుకుని తిరిగేవాడు. అందులో హీరో కవలలు. మీసమున్న అన్న మాట మొదలుపెడితే మీసం లేని తమ్ముడు ముగించేవాడు, చిక్కేమిటంటే ఆ సమయానికి ఇద్దరూ వేరువేరు ఊళ్ళలో ఉన్నారు. మూడో సినిమా ఏదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, దాని మీద అప్పట్లో ఆరు పేజీలు రాసిన సమీక్షకుడితో సహా.

ఓటింగు రోజు పొద్దున ల్యాబు మెట్ల మీద పెద్దాయన మనవాణ్ణి ఆపాడు. గెలవనని తెలుసు బాబూ, సున్నా మాత్రం రాకుండా ఒక్క ఓటు పడితే చాలు, ఇంటికెళ్ళి మొహం చూపించుకుంటాను అన్నాడు. మనవాడి మనసు కరిగిపోయింది. కత్తెరమ్మ ఎలాగూ గెలుస్తుంది, మిగతా నలుగురూ కళ్ళు తుడుచుకోవడం తను చూశాడు కూడా. నాలుగు ఓట్లతో గెలిచినా గెలుపే. ఒక ముసలాయన పరువు నిలబడితే పోయేదేముంది అనుకున్నాడు. అనుకుని, తన దయాగుణానికి తనే ముచ్చటపడి, పెద్దాయన పేరు గుండ్రంగా రాసి కింద సంతకం పెట్టాడు.

జడ్జిగారు చీటీలు ఒక్కొక్కటే విప్పి చదివారు. పెద్దాయన. పెద్దాయన. పెద్దాయన. నాలుగోది చదివేటప్పటికి ఆయన గొంతు పడిపోయింది. అయిదోది ఆయన స్వయంగా రాసినదే. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పెద్దాయన మెట్ల మీద అయిదుగురినీ విడివిడిగా ఆపాడని అప్పుడు తెలిసింది. ఫిల్ము సంగతేమోగానీ, మనుషుల్ని ఎక్కడ పట్టుకోవాలో ఆయనకి బాగా తెలుసు. లెక్చరరు మళ్ళీ ఓటేద్దామని నసిగాడు. తీర్పు తీర్పే అన్నారు జడ్జిగారు, నియమాలు తెలిసిన మనిషి. అలా ఆ ఏడు ఉత్తమ ఎడిటరు బహుమతి మీసం సినిమాకి ఏకగ్రీవంగా వచ్చింది, ఓట్ల లెక్క మాత్రం ఆ గది దాటలేదు. పెద్దాయన దానికి తాను అన్నివిధాలా తగినవాణ్ణనే నమ్మకంతో మరో తొమ్మిదేళ్ళు హాయిగా బతికాడు.

మర్నాడు మనవాడు కత్తెరమ్మ ఎడిటింగు గదికి బయల్దేరాడు. క్షమాపణ చెప్పాలనే బయల్దేరాడు, అది నిజం. ధైర్యం చాలక వీధి చివరినుంచి వెనక్కి వచ్చాడు. అలా వారం గడిచి శనివారానికి గది దాకా చేరాడు. గోడ పొడుగునా మేకులకి ఫిల్ము ముక్కలు వేలాడుతున్నాయి. ఆవిడ తెల్ల గ్లౌజులు వేసుకుని యంత్రం మీద వంగి ఉంది. తలెత్తి ఆయన్ని చూసింది. నోట్లో సిద్ధంగా ఉన్న మాట 'క్షమించండి'. బయటికొచ్చిన మాట 'నా ఓటు మీకే వేశాను'. ఆవిడ యంత్రం ఆపింది. ఆయన మొహంలోకి కాసేపు చూసి, కూర్చోండి అంది. ఆ కూర్చోవడం కూర్చోవడం, నలభై ఆరేళ్ళ కాపురం దాకా వచ్చింది.

ఆ ముక్క ఇంట్లో తరతరాల ఆస్తిలా పెరిగింది. లోకమంతా కాదన్నా మీ నాన్న నాకు ఓటేశారే అని ఆవిడ కూతురికి చెప్పింది. కూతురు తన పిల్లలకి చెప్పింది. విన్నప్పుడల్లా సమీక్షకుడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. అది ఆయన వినయమని అందరూ అనుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ చీటీ అద్దం కిందకి రాబోతోంది. మంగళవారం ఆయన సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. కార్యదర్శితో వాతావరణం గురించి మాట్లాడి, ఆ తర్వాత కాగితం గురించి మాట్లాడి, వెలుతురు తగిలితే పాత సిరా ఎంత త్వరగా వెలిసిపోతుందో, అలాంటి అమూల్యమైన చీటీల్ని చీకట్లో దాచడం ఎంత అవసరమో అరగంట సేపు వివరించాడు. కార్యదర్శి కదిలిపోయాడు. ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది సార్ అని చెప్పి, వెలుతురు సోకని ఖరీదైన అద్దం తెప్పిస్తానని మాటిచ్చాడు. పోతూ పోతూ చీటీలు చూపించాడు. సమీక్షకుడి చీటీలో సిరా నిన్న రాసినట్టుగా ఉంది.

ఇక దాచడం కుదరదని అప్పటికి అర్థమైంది. ఆదివారం పదిమందిలో అద్దం మీద వంగి చూసి తెలుసుకోవడమా, ఇంట్లో తన నోటివెంట వినడమా, ఆవిడకి మిగిలినవి ఆ రెండే. ఆవిడ కళ్ళలో తను ఇన్నేళ్ళూ ఎవరిగా ఉన్నాడో ఆ మనిషి ఎటూ పోతాడు. ఆ తర్వాత తనకంటూ అక్కడ ఏమైనా మిగులుతుందా అన్నదే ఆయన భయం.

బుధవారం మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పేపర్లు కత్తిరిస్తోంది. ఆయన ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాడు. తనంతటి మూర్ఖుడు ఆ రోజుల్లో స్టూడియో చుట్టుపక్కల ఇంకొకడు లేడని, జడ్జిగారి గంట, బాత్రూము, బిస్కెట్ల డబ్బా, అన్నీ వరసగా చెప్పుకుంటూ, తన మీద తనే రెండు జోకులు వేసుకుంటూ పోయాడు. ఆవిడ కత్తెర ఆపకుండానే అంది.

"ముందు పెట్టెలో ఏముందో చదవండి. పైనున్నది తర్వాత వింటాను."

"నీకు ఓటెయ్యలేదు నేను."

కత్తెర పేపరు మధ్యలో ఆగింది. ఎవరికి వేశారని అడిగింది. పెద్దాయనకని, సున్నా రాకూడదని వేశానని, అందరూ అలాగే వేశారని చెప్పాడు. ఇక్కడ ఆవిడ నవ్వుతుందని ఆయన అనుకున్నాడు. ఏ సభలో చెప్పినా నవ్వే చోటు అది.

"అయితే నాకెన్ని వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు."

ఆవిడ మిగిలిన సగం పేపరూ చివరిదాకా కత్తిరించింది. తెగిన ముక్కని మడత పెట్టి పక్కన పెట్టింది. అప్పుడు మాట్లాడింది, గొంతు పెంచకుండా.

"జడ్జిగారు సోమవారం వచ్చారు. కర్ర పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, నా ఓటు నీకేనమ్మా, ఒక్క ఓటుతో పోయింది అన్నారు. మంగళవారం సంగీతం మాస్టారు వచ్చారు. బుధవారం లెక్చరర్ గారు, శుక్రవారం హాలాయన. ఆయన ఏడ్చాడు కూడా. శనివారం మీరొచ్చారు. అయిదుగురూ ఒకటే మాట."

ఈ సంగతి సమీక్షకుడికి ఇన్నేళ్ళలో తెలియదు. మరి అప్పుడే నీకు అర్థమైందా అని గొణిగాడు.

"ఒక్క ఓటుతో పోయిందంటే మూడు, రెండు. అంటే ముగ్గురు అబద్ధం చెప్పారు, ఇద్దరు నిజం చెప్పారు. ఎవరు ఎవరో తెలీదు. ఆ ఇద్దర్లో ఒకరు మీరనుకున్నాను. అనుకునే కదా మిమ్మల్ని కూర్చోమన్నాను. రెండోవాడెవడో తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు."

ఆయన దగ్గర జోకులు అయిపోయాయి. జీవితంలో మొదటిసారి తనని తాను ఏమని తిట్టుకోవాలో తోచలేదు. ఉన్న తిట్లన్నీ చిన్న చిన్న తప్పులకి ఎప్పుడో వాడేశాడు. బహుమతి పోయినందుకు బాధపడుతున్నావా అని తెలివితక్కువగా అడిగాడు.

"బహుమతికి అప్పుడే ఏడ్చేశాను. అది అయిపోయింది. ఇది ఇవాళ మొదలైంది."

లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, విసురుగా ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నుంచి అవసరమైన మాటలు మాత్రం మాట్లాడింది. పాలవాడు రాలేదు. కుళాయి కారుతోంది. కూతురు ఫోన్ చేసి, ఆదివారం అమ్మకి ఏ చీర బాగుంటుంది నాన్నా అని అడిగింది. ఆయన ఫోన్ ఆవిడకిచ్చాడు. నీలం చీర అని చెప్పి పెట్టేసింది.

గురువారమంతా ఆయన రాశాడు. పద్నాలుగు పేజీలు వచ్చాయి. మొదటి రెండు పేజీల్లో తనని తాను చీల్చి చెండాడుకున్నాడు. గాడిద అన్నాడు, గుడ్డివాడన్నాడు, మొదటి ఏటి కమిటీని తిట్టిన నోటికి తాళం వెయ్యాలన్నాడు. తర్వాత ఆ కాలం ఎలాంటిదో వర్ణించాడు. తర్వాత జాలి అనే గుణం మనుషుల చేత ఎన్ని అన్యాయాలు చేయిస్తుందో తాత్వికంగా చర్చించాడు. చదువుకుంటే తనకే కళ్ళు చెమర్చాయి. చివర్లో పెట్టె కట్టి, నా ఓటు అని రాసి, భార్య పేరు రాశాడు. ఆ పేరు గుండ్రంగా, తీరిగ్గా, పెద్దాయన పేరు రాసినంత అందంగా రాశాడు.

శుక్రవారం పొద్దున ఆ కాగితాలు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన రాతలో ఆవిడని ఒక్క అక్షరం ముట్టుకోనివ్వలేదు. సినిమా వేరు, వాక్యం వేరు అనేవాడు. కోసిపెట్టు అన్నాడు. ఆవిడ చాలాసేపు కాగితాల వంక చూసింది. సొరుగులోంచి పాత మైనపు పెన్సిలు తీసింది, ఫిల్ము మీద గుర్తులు పెట్టేది. కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పేజీకి అడ్డంగా ఒక గీత గీసింది. రెండో పేజీకి మరో గీత.

అవి తను తిట్టుకున్న పేజీలు. అక్కడే కదా పాఠకులు కాస్త నవ్వుతారు, అవైనా ఉంచరాదా అన్నాడు.

"మిమ్మల్ని మీరే ముందు తిట్టేసుకుంటే, ఇంక నేను తిట్టడానికి ఏం మిగిలిందండీ?"

గీతలు సాగాయి. కాలం పోయింది, తత్వం పోయింది. జడ్జిగారు, గంట, బాత్రూము పోయాయి. పెద్దాయన మెట్ల మీద అడిగిన ఘట్టం దగ్గర పెన్సిలు ఆగింది. ఆయన పోయాడు, ఇది చదువుకుని జవాబు చెప్పలేడు అంటూ అదీ కొట్టేసింది. పన్నెండో పేజీలో ఒక వాక్యం కింద గుర్తు పెట్టింది. పదమూడో పేజీలో ఇంకొన్ని. అన్నీ కలిపి ఒక తెల్ల కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన చదివాడు.

'రెండో ఏడు ఉత్తమ ఎడిటరు బహుమతికి ముగ్గురు పోటీపడ్డారు. అందులో మేలైనది రైల్వే గార్డు సినిమా. ఆ సంగతి అయిదుగురు న్యాయనిర్ణేతలకీ తెలుసు. అయిదుగురిలో ఒక్కరూ దానికి ఓటెయ్యలేదు. వాళ్ళలో నేనొకణ్ణి. వేశానని ఆమెతో చెప్పాను.'

అంతే. ఒక రీలు ఏడుపు పోయి నాలుగు సెకన్లు మిగిలింది. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా పడని సిగ్గు ఆ ఆరు వాక్యాలు చదువుతుంటే పడ్డాడు. కాగితం అడుగున పెట్టె ఉంది. 'నా ఓటు:' అని ఉంది. పక్కన ఖాళీ. పేరు లేదేమిటని అడిగాడు.

"గడువు దాటిన ఓటు చెల్లదు," అంది ఆవిడ, కళ్ళజోడు తీసి మడత పెడుతూ.

ఆ మాట ఆ ఇంట్లో వందలసార్లు వినిపించింది, ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సంపాదకురాలు ఫోన్ చేసి, పెట్టెలో పేరు వెయ్యడం మర్చిపోయారు సార్ అంది. మర్చిపోలేదమ్మా, అలాగే వెయ్యి అన్నాడు. ఇంత చిన్నదేమిటి, చోటు మిగిలిపోతుంది కదా అంది. సంతాప ప్రకటనలకి ఇచ్చెయ్యి అనబోయి, మానేశాడు.

ఆదివారం ప్రదర్శనకి వచ్చినవాళ్ళలో సగంమంది పొద్దున్నే అది చదివి వచ్చారు. ఆయన్ని చూసి కొందరు పలకరించారు, కొందరు గోడల మీది బొమ్మలు చూశారు. ఎందుకైనా మంచిదని ఇంటి దగ్గర మూడు చమత్కారాలు సిద్ధం చేసుకున్నాడు, ఒక్కటీ బయటికి తియ్యలేదు. కూతురు ఆయనతో మాట్లాడకుండా అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. ఆవిడ నీలం చీరలో ఖరీదైన అద్దం ముందు నిలబడి అయిదు చీటీలూ వరసగా చదివింది. చివర ఉన్న భర్త చీటీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఆయన వెనకే నిలబడ్డాడు.

"మీ దస్తూరి అప్పుడు బాగుండేది," అంది. ఆ తర్వాత వేదిక ఎక్కి, పిలిచినందుకు కృతజ్ఞతలు, సినిమా మళ్ళీ వేస్తున్నారు కదా, చూడండి అని రెండే మాటలు చెప్పి దిగింది. లాంతరు నేలమీద పెట్టే చోటు వచ్చినప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు. ఆయన మాత్రం తెర వంక చూడలేకపోయాడు.

మంగళవారం నాటికి వంటింటి అరల్లో కొత్త పేపర్లు పడ్డాయి. ఆయన అలవాటు కొద్దీ డబ్బాలెత్తి చూశాడు. ఆదివారం పత్రిక ఉంది. మూడో పేజీ ఉంది. అందులో తన శీర్షిక ఉండాల్సిన చోట చక్కగా, అంచు వంకర పోకుండా, నలుచదరపు కంత ఉంది. ఆ కంతలోంచి కింది చెక్క కనిపిస్తోంది. కోసి పారేసిందనుకున్నాడు. పారెయ్యడమూ న్యాయమే అనుకుని డబ్బా యథాస్థానంలో పెట్టాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టె కోసం ఆయన వెతుకుతుంటే బీరువా కింది అరలో గుండ్రటి ఫిల్ము డబ్బా దొరికింది. మూత తీశాడు. లోపల తెల్ల గ్లౌజులు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి. లాంతరు ఫిల్ము ముక్క చుట్ట చుట్టి ఉంది. వాటి మీద, మడత పడకుండా, ఆరు వాక్యాలు, ఖాళీ పెట్టె ఉన్న పత్రిక ముక్క. ఆయన రాసినవి వెయ్యికి పైగా అచ్చయ్యాయి. ఆవిడ దాచినది ఇదొక్కటే.

డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఊడిన గుండీ కుడుతోంది, ఆయన చొక్కాదే. ఇదెందుకు దాచావని అడిగాడు.

"నేను కోసినవాటిలో బాగా వచ్చింది," అంది.

ఆ మాటకి తగిన చమత్కారం ఒకటి ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాడు. ఆవిడ దారం పళ్ళతో తెంపి, గుండీ లాగి చూసి, అప్పుడు తలెత్తింది. ఆయన మొహంలోకి చూసింది, ఎడిటింగు గదిలో చూసినంత సేపూ చూసింది.

"కూర్చోండి," అంది.

ఆయన కూర్చున్నాడు. ఈసారి ఏమీ చెప్పలేదు.